మూడు నిమిషాల్లో ఏం చెప్పేవాళ్లు

(2025 నవంబరులో గ్రంథాలయ వారోత్సవాల సమయంలో కర్నూలులో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసుకున్నాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ అమ్మలు ముందుకు రండి, ఇక్కడ నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, ఫ్యాను కూడా ఇటే ఉంది.

నన్ను పిలిచినవాళ్లు ఈ పూటకు పెట్టిన పేరు "ఆన్‌లైన్‌లో బంధుత్వాలు". మన ఇళ్లలో దాన్నే ఫ్యామిలీ గ్రూపు అంటాం. ఇక్కడున్న వాళ్లలో గ్రూపు లేని ఇల్లు ఎవరిదైనా ఉందా, చెయ్యి ఎత్తండి. చూశారా, ఒక్కరు కూడా లేరు. అందరికీ ఉన్నదే, అందరికీ తెలిసిందే, మరి దాని మీద మాట్లాడటానికి నేనెందుకు అంటే, నేను బతుకంతా చేసిన ఉద్యోగం ఇదే. చుట్టాలకీ చుట్టాలకీ మధ్య మాట కలపడం.

1980లో టెలిఫోన్స్‌లో ట్రంక్ ఆపరేటర్‌గా చేరాను, అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. తర్వాత డిపార్ట్‌మెంటు బీఎస్‌ఎన్‌ఎల్ అయింది, నేను వేరే సీట్లకు మారాను, 2020 జనవరి 31న వీఆర్ఎస్ తీసుకుని బయటికి వచ్చాను. పిల్లలకు తెలియదు కాబట్టి ఒక్క నిమిషం చెబుతా. అప్పట్లో కర్నూలు నుంచి బొంబాయికో మద్రాసుకో మాట్లాడాలంటే ముందు ఎక్స్ఛేంజికి చెప్పి కాల్ బుక్ చేసుకోవాలి, ఇంట్లో ఫోన్ లేనివాళ్లు పోస్టాఫీసుకు వచ్చి బుక్ చేసి అక్కడే బెంచీ మీద కూర్చునేవాళ్లు. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని ఉండేవి. ఆర్డినరీకి పొద్దున చెబితే సాయంత్రం దొరికిన రోజులున్నాయి. అర్జెంటుకు రెండింతలు, లైట్నింగ్‌కు ఎనిమిదింతలు డబ్బు. ఫలానా మనిషే లైన్లోకి రావాలంటే పీపీ కాల్, దానికి ఇంకొంచెం. మా ముందు బోర్డు, దాని నిండా రంధ్రాలు, చేతిలో తీగలు, తలకు హెడ్‌సెట్. లైను దొరకగానే తీగ గుచ్చి "మాట్లాడండి" అనాలి, టికెట్ మీద టైము వేయాలి, మూడు నిమిషాలు కాగానే "మూడు నిమిషాలైంది, పొడిగించమంటారా" అని అడగాలి.

ఒకరి మాటలు మేము వినకూడదు. కానీ లైను నిలబడిందా తెగిందా అని మధ్యలో కీ వేసి చూడాలి కదా, అప్పుడు నాలుగు మాటలు చెవిన పడేవి. ఎవరి పేరూ నేను ఎప్పుడూ బయట చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. ఆ మాటల తీరు మాత్రం చెబుతా.

"అమ్మాయి పురుడు పోసుకుంది. ఆడపిల్ల. తెల్లారుజామున నాలుగింటికి. తల్లీబిడ్డా బాగున్నారు. పదకొండో రోజుకు రా, వస్తూ అత్తను పిలుచుకురా." అంతే. దీనికి ఇరవై సెకన్లు పట్టదు. ఎవరికి, ఏమైంది, ఎప్పుడు, ఎట్లున్నారు, వినేవాళ్లు ఏం చేయాలి, అన్నీ అందులోనే ఉన్నాయి. మిగిలిన రెండున్నర నిమిషాలు "వాన పడిందా", "చెనిక్కాయ ఎట్లుంది", "నీ కాలునొప్పి తగ్గిందా" అని పోయేది. ఆ రెండున్నర నిమిషాలు కూడా వృథా కాదు. అవతలివాళ్లు ఏడ్చినా నవ్వినా ఆ మాటల దగ్గరే.

ఇప్పుడు మా గ్రూపు సంగతికొస్తా. 2016లో జియో వచ్చి డేటా చౌకైన కొత్తలో మా తమ్ముడి కొడుకు మొదలుపెట్టాడు. ఇవాళ అరవై ఒక్క మంది ఉన్నారు. ఆదోనిలో మా పిన్నమ్మ, నంద్యాలలో మా చెల్లెలు, కడపలో ఆడబిడ్డ వాళ్లు, కువైట్‌లో ఇద్దరు, బెంగళూరులో ఎంతమందో లెక్కే లేదు, డల్లాస్‌లో మా అన్న కూతురు. మనకు పొద్దున ఆరైతే కువైట్‌లో మూడున్నర, డల్లాస్‌లో ముందు రోజు సాయంత్రం ఆరున్నర. ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు. పైసా ఖర్చు లేదు, నిమిషాల లెక్క లేదు, ఆపరేటర్ మధ్యలో రాదు. అన్నీ ఉన్నాయి. మరి తెల్లారి లేచి ఫోన్ తెరిస్తే నలభై మెసేజ్‌లుంటాయి, గులాబీ పువ్వుతో శుభోదయం, దేవుడి పటం, ఎవరో రాసిన సూక్తి, ఎవరిదో వీడియో. నలభై చదివాక కూడా మా పిన్నమ్మ రాత్రి నిద్రపోయిందో లేదో నాకు తెలియదు. ఆమెకు మోకాలి ఆపరేషన్ అయి అప్పటికి తొమ్మిది రోజులు. నాకు కావలసింది అదొక్కటే, అదొక్కటే అందులో లేదు.

నేను ఈ పూట చెప్పదలచుకున్నది ఇంతే. మన మాట మనం రాద్దాం. రెండు ముక్కలైనా సరే, తప్పులున్నా సరే, మనది.

ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో చెబుతా. గత నెల 24న తెల్లవారుజామున మన ఊరి పక్కన చిన్నటేకూరు దగ్గర హైదరాబాదు నుంచి బెంగళూరు పోతున్న ప్రైవేటు బస్సు కాలిపోయింది. మనందరం చూశాం, ఆ రోజు ఈ ఊళ్లో ఎవరికీ అన్నం సహించలేదు. మా చెల్లెలి కొడుకు కూడా ఆ రాత్రే హైదరాబాదులో బెంగళూరు బస్సెక్కాడు. వేరే బస్సు. కానీ ఆ సంగతి మాకు తెలియదు. తెల్లారి గ్రూపులో ఆ మంటల వీడియో పడింది, తర్వాత ఇంకొకరు అదే వీడియో, ఇంకొకరు వేరే కోణంలోది, మొత్తం పదకొండు సార్లు. ఏడుపు బొమ్మలు, దండాల బొమ్మలు. పిల్లవాడు ఆ రాత్రి ప్రయాణంలో ఉన్నాడని గ్రూపులో కనీసం పదిమందికి తెలుసు, ముందు రోజే రాశాడు, "రాత్రి బయలుదేరుతున్నా" అని. ఒక్కరు కూడా "పిల్లోడు ఎక్కడున్నాడు" అని అడగలేదు. అందరూ వీడియో చూస్తున్నారు. మా చెల్లెలు నంద్యాలలో ఒక్కతే ఆ ఫోన్ పట్టుకుని ఆ పదకొండు వీడియోలూ చూసింది, వాడికి ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. నాకు ఫోన్ చేసింది, గొంతు రావడం లేదు. నేను ఏం చెప్పగలను, "ఉండు, ఉండు" అంటూ కూర్చున్నా.

ఆరూ నలభైకి వాడి మెసేజ్ వచ్చింది. అది నా దగ్గర దాచుకున్నా, చదువుతా. "నేను ఎక్కింది వేరే బస్సు. ఫోన్ చార్జింగ్ అయిపోయి ఆఫ్ అయింది, ఇప్పుడే పక్కాయన పవర్ బ్యాంకు ఇచ్చినాడు. బాగేపల్లి దాటినాం. అమ్మకు ఫోన్ చేసి మాట్లాడినా. ఎవరూ భయపడొద్దండి." ఐదు వాక్యాలు. ట్రంక్ కాల్ రోజుల్లో మనవాళ్లు మాట్లాడినట్టే రాశాడు. ఆ రోజు అలాంటి మెసేజ్ కోసం ఎదురుచూసి చూసి అది రాని ఇళ్లు కూడా ఉన్నాయి. వాళ్లను తలచుకుంటే నాకు ఇప్పటికీ మాట పెగలదు.

కాసిని నీళ్లు ఇవ్వండి నాయనా.

ఆ రోజు తర్వాత మా గ్రూపులో ఒక అలవాటు చేసుకున్నాం. రాత్రి ప్రయాణం చేసేవాళ్లు బస్సు ఎక్కగానే ఏ బస్సు, ఏ సీటు, ఎన్నింటికి దిగుతారు అని రాయాలి. దిగాక "దిగినాను" అని ఒక్క ముక్క. శ్రీశైలం పోయేవాళ్లు ఆత్మకూరు దాటేలోపే రాయాలి, "దోర్నాల దాటినాక అడవిలో సిగ్నల్ ఉండదు, కొండకు చేరాక చెబుతాం" అని. ముందే చెబితే ఆ రెండు గంటలు ఇంట్లోవాళ్లు టెన్షన్ పడరు. చెప్పకపోతే ఫోన్ కలవని ప్రతి నిమిషం వాళ్లకు ఒక యుగం.

చావు కబురు సంగతి ఇంకా కష్టమైనది, అయినా చెప్పాలి. మా పెద్ద ఆడబిడ్డ పోయినప్పుడు ఆమె కూతురు పుణెలో ఆఫీసులో ఉంది. ఇక్కడ ఇంట్లో ఎవరి పనిలో వాళ్లున్నారు, డాక్టరు చెప్పి అరగంట కూడా కాలేదు. దూరపు చుట్టం ఒకాయన, మంచి మనిషే, బాధతోనే, ఆమె ఫోటోకు దండ వేసినట్టు తయారు చేసి గ్రూపులో పెట్టాడు. వరసగా "ఓం శాంతి", "ఓం శాంతి", "ఆత్మకు శాంతి కలగాలి". ఆ పిల్ల మధ్యాహ్నం భోజనానికి లేచి ఫోన్ చూసుకుంది. పదిహేడు ఓం శాంతులున్నాయి. ఎవరికబ్బా అని పైకి జరుపుకుంటూ పోయింది. చివరికి తన తల్లి ముఖం. ఆ పిల్ల ఆ మాట నాకు చెప్పి రెండేళ్లయింది, "అత్తా, నేను వేలితో పైకి జరుపుతా ఉన్నా అత్తా" అంటుంది, ఇప్పటికీ అదే మాట.

ఇప్పుడు దీని పక్కన ఇంకొకటి పెడతా. 1983లో అనుకుంటా, రాత్రి డ్యూటీలో ఉన్నా. లైట్నింగ్ కాల్ వచ్చింది, బొంబాయికి, అన్న తమ్ముడికి చేస్తున్నాడు. లైట్నింగ్ అంటేనే మాకు అర్థమైపోతుంది, ఎనిమిదింతలు డబ్బు పెట్టి ఎవరూ ఊరికే మాట్లాడరు. "నాయనకు ఒంట్లో బాగాలేదు, రేపటి బండికి బయలుదేరు" అన్నాడు. అవతలాయన "ఎంత సీరియస్" అని అడిగాడు. ఈయన కొంచెం ఆగి "పిల్లల్ని కూడా పిలుచుకురా" అన్నాడు. అవతల మాట లేదు. లైను తెగిందేమో అని నేను కీ వేసి చూశా, తెగలేదు, ఊపిరి వినపడుతోంది. పిల్లల్ని కూడా అన్న ఆ ఒక్క మాటలో తమ్ముడికి తెలిసిపోయింది. రైల్లో పద్దెనిమిది గంటలో ఇరవై గంటలో కూర్చుని రావలసినవాడికి ఎంత చెప్పాలో అంతే చెప్పాడు ఆ అన్న. చదువుకున్నవాడో కాదో నాకు తెలియదు.

కాబట్టి మా ఇంట్లో ఇప్పుడు ఒక కట్టుబాటు ఉంది. చెడ్డ కబురు ముందు ఫోన్‌లో గొంతుతో పోవాలి, కన్నవాళ్లకు, తోబుట్టువులకు, కడుపున పుట్టినవాళ్లకు. వాళ్లందరికీ అందాక, ఆ ఇంటివాళ్లు సరేనన్నాకే గ్రూపులో రాయాలి. రాసేటప్పుడు కూడా అంత్యక్రియలు ఎక్కడ, ఎన్నింటికి, ఎవరిని అడగాలి అన్నది ఉండాలి. తొందరపడి ముందే పెట్టిన మెసేజ్‌ను అడ్మిన్ తీసేయవచ్చు, ఆ సౌకర్యం వాట్సాప్‌లో 2022 నుంచి ఉంది. మా తమ్ముడి కొడుకు అడ్మిన్, వాడికి ఆ అధికారం మేమే ఇచ్చాం, మొహమాటపడొద్దు అని.

సరే, మంచి కబుర్లకు వద్దాం. ఈ నెల 2న రాత్రి మీరు ఎవరూ నిద్రపోయి ఉండరు. మన ఆడపిల్లలు క్రికెట్ ప్రపంచకప్పు గెలిచారు! మా గ్రూపు ఆ రాత్రి ఉన్నంత బాగా ఎప్పుడూ లేదు. నవీ ముంబైలో వాన వల్ల మ్యాచ్ ఆలస్యంగా మొదలైంది కదా, మన 298 పరుగులు చూసి సగం మంది గెలిచేశాం అన్నారు, సగం మంది దక్షిణాఫ్రికాను అప్పుడే తీసేయొద్దు అన్నారు. మా పిన్నమ్మకు ఎనభై దాటాయి, క్రికెట్ అంటే ఏంటో ఆమెకు పెద్దగా తెలియదు. కానీ శ్రీచరణి మన కడప జిల్లా పిల్ల అని తెలిసినప్పటి నుంచి వదలడం లేదు. చదవడం వస్తుంది, టైప్ చేయడం రాదు, అందుకని వాయిస్ పెడుతుంది. "మన పిల్ల ఎడమ చేత్తో ఏస్తాంది సూడండి, ఎంత నిదానంగా ఏస్తాందో" అని. డల్లాస్‌లో మా అన్న కూతురికి అప్పుడు పట్టపగలు, ఆదివారం, వాళ్ల పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని చూస్తోంది, ఆ పాప పెట్టిన కేకే వాయిస్‌లో పంపింది. కువైట్‌లో మా మేనల్లుడు డ్యూటీలో ఉన్నాడు, వాడికి చూసే వీలు లేదు, వాడి కోసం మా చెల్లెలి కొడుకు ఓవరు ఓవరుకీ రాశాడు, "బాష్ డకౌట్, శ్రీచరణి ఎల్బీ తీసింది", "వోల్వార్ట్ ఇంకా ఉంది, భయంగా ఉంది", "దీప్తికి ఐదో వికెట్, హర్మన్ వెనక్కి పరిగెత్తి పట్టింది, అయిపోయింది, గెలిచినాం". వాడు తర్వాత నాతో అన్నాడు, "అత్తా, నేను హైలైట్స్ చూడలేదు, అది చదివినా చాలు నాకు" అని. ఆ రాతలో వీడి గొంతు ఉంది కాబట్టి. అదే స్కోరు ఎక్కడైనా దొరుకుతుంది, "భయంగా ఉంది" అనేది ఎక్కడ దొరుకుతుంది?

పోయిన సంవత్సరం సెప్టెంబరులో అనంతపురంలో ఆర్డీటీ మైదానంలో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగినప్పుడు కూడా ఇలాగే. మా ఇంట్లో ఒక పిల్లవాడు వెళ్లి కూర్చుని రాశాడు, ఎండ ఎట్లుంది, జనం ఎంతమంది వచ్చారు, పల్లెల నుంచి ఎవరెవరు ట్రాక్టర్లలో దిగారు అని. టీవీలో అది రాదు.

విహారయాత్రల దగ్గర మాత్రం మనవాళ్లతో నాకు తగువుంది. మా తమ్ముడి కుటుంబం దసరా సెలవుల్లో బేలం గుహలు, గండికోట వెళ్లొచ్చింది. రాత్రి గ్రూపులో ఫోటోలు దిగాయి, నూట నలభై మూడు. అందరూ ఒకేలా నిలబడి, ఒకేలా నవ్వుతూ. వెనక ఉన్నది గుహో, గోడో తెలియదు. పిన్నమ్మ వాయిస్ పెట్టింది, "బాగుండాయి నాయనా. నేను పోగలనా?" అని. ఎవరూ జవాబివ్వలేదు. బొటనవేళ్లు మాత్రం పద్దెనిమిది వచ్చాయి.

మర్నాడు మా తమ్ముడి మనవరాలు, ఏడో తరగతి, వాళ్లమ్మ ఫోన్లో కూర్చుని రాసింది. "అవ్వా, బేలం లోపల చల్లగా ఉండదు, చెమటలు పోస్తాయి. దిగేటప్పుడు మెట్లు చాలా ఉన్నాయి, నీకు మోకాలు నొప్పి. కొన్ని చోట్ల తాతయ్య కూడా వంగి నడిచాడు. లోపల ఫోన్ పనిచేయదు. పాతాళగంగ వరకు నువ్వు రాలేవు. గండికోటకు రావచ్చు, గుడి దాకా నడవాలి కానీ దారి మంచిది. లోయ చూడటానికి బండలు ఎక్కాలి, నేను చెయ్యి పట్టుకుంటా. పెన్నానది కింద సన్నగా ఉంది." నా కళ్లలో నీళ్లు తిరిగాయి చదివి. నూట నలభై మూడు ఫోటోల్లో లేని గండికోట నాకు ఇందులో కనపడింది.

ఆ పిల్ల రాయడం వల్ల జరిగింది చూడండి. కొలిమిగుండ్ల వైపు నుంచి మా ఇంటికి వియ్యమందినాయన ఒకాయన గ్రూపులో ఉన్నాడు, ఆరేళ్లలో ఆరు మాటలు రాసి ఉండడు. ఆయన రాయడం మొదలుపెట్టాడు. బేలం అనే పేరు బిలం నుంచి వచ్చిందట. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర ఆ గుహల గురించి రాశాడట, 1982, 83లో జర్మనీ నుంచి గెబావర్ అనే ఆయన మనుషులతో వచ్చి లోపలంతా కొలిచాడట. మొత్తం 3,229 మీటర్లు, అందులో మనల్ని పోనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు. యాత్రికులకు తెరిచింది 2002లో. ఇవన్నీ పుస్తకంలో దొరుకుతాయి, సరే. ఆయన తర్వాత రాసింది దొరకదు. వాళ్ల చిన్నతనంలో ఊళ్లో చెత్తంతా ఆ బిలంలోనే పారేసేవాళ్లని, పొద్దున దాన్ని దాటి పొలానికి పోయేవాళ్లమని, లోపల ఏముందని తొంగి చూస్తే వాళ్లమ్మ తిట్టేదని. ఇవాళ టికెట్ కొనుక్కుని లోపలికి పోతుంటే తన కాళ్లు వణికాయని. ఏడో తరగతి పిల్ల ఎనిమిది వాక్యాలు రాస్తే డెబ్బై ఏళ్ల మనిషి నోరు తెరిచాడు. ఫోటోలకు అంత బలం లేదు.

ఫోటోలు పెట్టొద్దని నేను అనను. ఐదు పెట్టండి, ఒక్కోదాని కింద ఎవరు, ఎక్కడ అని రాయండి, ఇరవై ఏళ్ల తర్వాత ఆ మనుషుల్లో సగం మంది ఉండరు, పేరు లేని ముఖాన్ని ఎవరు గుర్తుపడతారు? మామూలుగా పంపితే వాట్సాప్ బొమ్మను కుదించేస్తుంది, దాచుకోవలసిన ఫోటో అయితే హెచ్‌డీ అని ఉంటుంది అది నొక్కి పంపండి, లేదంటే డాక్యుమెంట్‌గా పంపండి.

అభిప్రాయాలు. ఇదే పెద్ద గొడవ, అవునా? చాలామంది గ్రూపుల్లో "రాజకీయాలు నిషిద్ధం" అని పెట్టేశారు. నేను ఒప్పుకోను. ఇంటిమనుషులతో మాట్లాడుకోలేని సంగతి ఇంకెవరితో మాట్లాడుకుంటాం? మా గ్రూపులో అన్ని పార్టీల వాళ్లూ ఉన్నారు. అమరావతిలో ఉన్న హైకోర్టు కర్నూలుకు రావాలా వద్దా అని ఒకసారి మూడు రోజులు సాగింది. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక దగ్గర నుంచి, 1953లో కర్నూలు రాజధాని కావడం, 1956లో పోవడం అన్నీ వచ్చాయి, ఎవరెవరో చేసిన వీడియోలు ఇటు పది, అటు పది. ఎవరూ ఎవరిదీ చూడలేదు, తిట్టుకోవడం దాకా పోయింది. అప్పుడు ఆదోని మామ రాశాడు. ఆయనకు పొలం కేసు ఒకటి నడుస్తోంది. రాత్రి బస్సులో అమరావతి వైపు పోవడం, పగలంతా కోర్టు దగ్గర ఉండటం, వాయిదా పడిందని తెలుసుకోవడం, మళ్లీ రాత్రి బస్సు, మనిషికి ఎంత ఖర్చు, ఎన్ని కూలి రోజులు పోయాయి, అంతా రాశాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. గుంటూరులో ఉన్న మా బావగారు, ఆయన ఇంకో పక్షం, రాత్రి పదకొండుకు జవాబు రాశారు. "నా అభిప్రాయం మారలేదు బావా, కానీ నీకు ఇంత కష్టం ఉందని నాకు తెలియదు. ఈసారి వస్తే లాడ్జికి పోవద్దు, మా ఇంటికి రా." ఆయన పోయినప్పుడల్లా ఇప్పుడు అక్కడే దిగుతున్నాడు.

ఫార్వర్డుల గురించి ఎక్కువ చెప్పను, అందరూ చెబుతూనే ఉన్నారు. ఒక్కటి మాత్రం కర్నూలు వాళ్లం కాబట్టి చెప్పాలి. పోయిన సంవత్సరం ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. అది నిజం. మర్నాడు మా గ్రూపులో వచ్చింది నిజం కాదు. "డ్యాం పోయింది, సాయంత్రానికి కర్నూలు మునుగుతుంది" అని ఒక గొంతు, దాంతోపాటు నీళ్లలో మునిగిన వీధుల వీడియో. నేను ఆ వీడియో చూడగానే గుర్తుపట్టాను, అది 2009 అక్టోబరుది. ఎలా గుర్తుపట్టాను అంటే ఆ నీళ్లలో నేను ఉన్నాను కాబట్టి. తుంగభద్ర, హంద్రి రెండూ ఒకేసారి ఊరి మీదకు వచ్చిన రోజు, అక్టోబరు 2, మేము మిద్దె పైకి ఎక్కాం, ఫోన్లు మూగబోయాయి, బయట ఉన్న మా వాళ్లకు రెండు రోజులు మేమున్నామో లేదో తెలియలేదు. ఆ భయం తెలిసిన మనిషిని కాబట్టి నాకు కోపం వచ్చింది. ఆ మెసేజ్ మీద రెండు బాణాలున్నాయి, చాలాసార్లు చేతులు మారింది అని దానర్థం. అలాంటివి 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్కరికో ఒక్క గ్రూపుకో మాత్రమే పంపనిస్తున్నారు, అయినా మా మరిది పంపాడు. ఆయనకు ఫోన్ చేసి "నువ్వు రాసినావా ఇది? ఎవరు చెప్పినారు నీకు?" అని అడిగా. చెప్పలేకపోయాడు. పదకొండో తారీఖంతా మా పిన్నమ్మ ఆదోనిలో కూర్చుని "వాళ్లు పైకెక్కినారా" అని అడుగుతూనే ఉందట. తర్వాత గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారి ఆధ్వర్యంలో పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్ అనే ఉక్కు అడ్డుపలకలు దింపి ఆపారు, ఆ సంగతి గ్రూపులో ఎవరూ పెట్టలేదు, నేనే రాశా.

పిల్లల మార్కులు, ఆడపిల్లల ఫోటోలు వాళ్లను అడగకుండా పెట్టొద్దు. పదో తరగతిలో మా ఇంట్లో ఒక పిల్లవాడికి తక్కువ వచ్చాయి, వాళ్ల పెదనాన్న ప్రేమతోనే "పర్వాలేదురా" అని మార్కుల మెమో గ్రూపులో పెట్టాడు. వాడు ఆ రోజే గ్రూపులోంచి వెళ్లిపోయాడు, ఇప్పుడు బీటెక్‌లో ఉన్నాడు, ఇంకా తిరిగి రాలేదు. వాడి కబుర్లు మాకు లేవు. ఇంకొకటి, కొత్త నంబరు నుంచి "అత్తా, నా ఫోన్ పోయింది, అర్జెంటుగా డబ్బు పంపు" అని వస్తే పంపొద్దు. పాత నంబరుకు ఫోన్ చేసి గొంతు వినండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

ఎవరో చీటీ పంపారు, చదువుతా. "రాయాలని ఉంది, తెలుగు టైప్ చేయడం రాదు, ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే పిల్లలు నవ్వుతున్నారు." అమ్మా, దీనికి సులువుంది. మెసేజ్ రాసే చోట నొక్కితే కీబోర్డు వస్తుంది కదా, దాని మీద చిన్న మైకు బొమ్మ ఉంటుంది. సెట్టింగుల్లో భాషల దగ్గర తెలుగు పెట్టుకుంటే ఆ మైకు నొక్కి మాట్లాడినది తెలుగు అక్షరాల్లో పడుతుంది. మన యాసకు అక్కడక్కడా తడబడుతుంది, ఒకసారి చదువుకుని పంపండి. అది కూడా వద్దనుకుంటే వాట్సాప్‌లో కుడిపక్కన ఇంకో మైకు ఉంది, దాన్ని నొక్కి పట్టుకుని మాట్లాడి వదిలేస్తే మీ గొంతే పోతుంది, మా పిన్నమ్మ చేసేది అదే. వాయిస్ పెడితే మూడు నిమిషాలు దాటనీయకండి, వినేవాళ్లు పనిలో ఉంటారు.

ఫోన్లు తెచ్చుకున్నవాళ్లు ఇటు రండి. ఒక్కొక్కరికీ తెలుగు పెట్టి ఇస్తాను, ఇక్కడే మీ వాళ్లకు ఒక మెసేజ్ పంపుదురు. చీటీ రాసిన అమ్మ ఎవరో ముందు ఆమె రావాలి. ఎవరికి పంపాలమ్మా? కొడుక్కా? ఎక్కడున్నాడు? సరే, మైకు నొక్కాను, చెప్పండి.